యాభై రెండు సెకండ్లు

రైలు హిందూపురం వదిలింది. నా చేతిసంచి ఎడమ జేబులో వేలిగోరంత మెమరీ కార్డు ఉంది. దాన్ని పెడితే మగ్గం మీది పెట్టె నాలుగు సెకండ్లలో లేస్తుంది. ధర్మవరంలో పదకొండు గంటలకు, నాయన మగ్గం చుట్టూ పన్నెండు ఇళ్ల నేతగాళ్లు నిలబడి చూస్తుండగా లేస్తుంది. లింగప్ప మామ నోరు మూతపడుతుంది, నాయన వీధిలో తలెత్తుకుని నడుస్తాడు, సాయంత్రం బండికి నేను వెనక్కి వచ్చేస్తాను. అంతా బాగుంటుంది, ఒక్కటి తప్ప. అది దొంగ కార్డు. ఆ సంగతి తెలిసినవాళ్లు ఇద్దరే: ఒకరు నేను, రెండోవాడు నిన్న సాయంత్రం నా కుర్చీ వెనక నిలబడి "ఆ పరీక్ష తీసెయ్ యమునా, ఎవరు చూడొచ్చారు" అన్న మా మేనేజరు సాయిప్రసాద్.

గంటంపావు ప్రయాణం. ఒళ్లో లాప్‌టాప్, పక్క సీటు మీద తువ్వాలు పరిచి దానిమీద బోర్డు, బోర్డుకు తగిలించిన చిన్న తెర, ఇరవై కొక్కేల పట్టీ, కాళ్ల దగ్గర బ్యాటరీ. కిటికీ లోంచి వచ్చే ఎండ లాప్‌టాప్ మీద పడి అక్షరాలు కనపడటం లేదు, చున్నీ తీసి కిటికీకి కట్టాను. ఎదుటి సీటాయన అప్పట్నించీ ఆ కొక్కేలనే చూస్తున్నాడు. తెల్ల పంచె, మోచేతి దాకా మడిచిన చొక్కా, పక్కన భార్య, ఆమె ఒళ్లో వైరు బుట్ట. చూడనీ. ఈ గంటలో నేను ఒక్క పని చేయాలి, లేదా ఆ ఎడమ జేబులో చెయ్యి పెట్టాలి.

పెట్టె అంటే మగ్గం నెత్తిన కూర్చునేది. నా చిన్నప్పుడు ఆ చోట అట్టలు ఉండేవి, చిల్లులు పొడిచి దండగా కుట్టిన అట్టలు, అడ్డంగా వేసే ఒక్కో పేకకు ఒక్కో అట్ట. నాయన కాలితో తొక్కితే దండ ఒక్క అట్ట ముందుకు దొర్లేది, చిల్లు ఉన్నచోట కొక్కెం లేచేది, కొక్కెం కింద దారం లేచేది, దారం వెంట పడుగు పోగులు లేచేవి, ఆ సందులోంచి నాడె ఈ చివరినుంచి ఆ చివరికి దూకేది. అంచులో నెమలి మెడ వంపు తిరిగేది. వానాకాలం అట్టలు తేమకు ఉబ్బితే నెమలికి మెడ విరిగేది, అమ్మ వాటిని పొయ్యిపక్కన నిలబెట్టి ఆరబెట్టేది. మా ఇంట్లో వానాకాలం వాసనంటే తడిసిన అట్టల వాసనే. ఇప్పుడు అట్టలు లేవు. తూముకుంటలో మా చిన్న కంపెనీ చేసే పెట్టెలో రెండు వందల నలభై కొక్కేలు, ఒక్కో కొక్కేనికి ఒక అయస్కాంతం, నెమలి పెన్ డ్రైవ్‌లో ఉంటుంది, ఏ కొక్కెం లేవాలో పెట్టెలోని చిన్న కంప్యూటరు చెబుతుంది. మొట్టమొదటి పెట్టెను తన మగ్గం మీద పెట్టుకున్నది మా నాయన కుళ్ళాయప్ప. ఆయన్ను చూసి, ఆయన మాట మీద, మా వీధిలో పన్నెండు ఇళ్లవాళ్లు పెట్టుకున్నారు. "మా పాప చేసింది" అని ఆయన ఇంటింటికీ పోయి చెప్పాడు. జీవితంలో ఎవరింటికీ పోయి ఏదీ అడగని మనిషి.

ఆరేళ్లు బాగానే నడిచింది. ఈ ఎండాకాలం నుంచి వీధిలో కరెంటుకు ఏదో రోగం. పోయిందని చెప్పడానికి లేదు, రెప్పపాటు పోయి వచ్చేస్తుంది, రోజుకు పదిసార్లు, ఇరవైసార్లు. ఫ్యానుకు తెలియదు, లైటుకు తెలియదు. పెట్టెకు తెలుస్తుంది. చచ్చి మళ్లీ పుడుతుంది. పుట్టడానికి యాభై రెండు సెకండ్లు. అంతసేపూ మనిషి కాలు పీటమీద పెట్టుకుని, నాడె తాడు చేతిలో పట్టుకుని మగ్గం గుంతలో కూర్చోవాలి. చెయ్యి చల్లబడుతుంది, పడుగు బిగువు ఒక్క వెంట్రుకవాసి సడలుతుంది, మళ్లీ మొదలుపెట్టిన చోట చీర అడ్డంగా గీత పడుతుంది. దగ్గర్నించి కనపడదు. కట్టుకుని నిలబడితే పది అడుగుల దూరం నుంచి కనపడుతుంది. బ్యాటరీ పెట్టి చూశాం, గుంతపక్క వేడికి మూడు నెలల్లో ఉబ్బిపోయింది. మొన్న లింగప్ప మామ పంచాయితీ పెట్టాడు. మామ అంటే బంధువు కాదు, మా ఎదురింటాయన, ఆ పన్నెండు ఇళ్లలో ఒకరు, నాయనకంటే రెండేళ్లు పెద్ద, నాయనకంటే ఒక చీర తక్కువ నేశానని ముప్పై ఏళ్లుగా బాధపడుతున్న మనిషి. తీర్పు ఆయనే చెప్పాడు. శ్రావణం ముహూర్తాల చీరలు మగ్గమెక్కేలోపు పెట్టెలు దించేసి అట్టలు ఎక్కించాలి. నాయన ఒక్కరోజు గడువు అడిగాడట. అడిగాడట. ఆ మాట అమ్మ ఫోన్లో చెప్పినప్పుడు నాకు తిండి సయించలేదు.

ఫోను మోగింది. అమ్మే.

"యాడిదాకా వచ్చినావు పాపా?"

"మాలుగూరు దాటినాం మా."

"లింగప్పన్న అప్పుడే వచ్చి స్టూలేసుకుని కూచున్నాడు. కాఫీ రెండుసార్లు తాగినాడు. నేను అయిదు లెక్కపెడతా, అయిదులోపల లేయల్ల, లేకుంటే నేనే ఎక్కి నట్లు ఇప్పేస్తా అంటాండాడు. స్పానర్ కూడా తెచ్చుకున్యాడు."

"నాయన ఏమంటాండాడు?"

"ఏమంటాడు, మగ్గంలోనే ఉండాడు. ఎర్రచీర, కొంగు దగ్గరకు వచ్చింది." అమ్మ గొంతు తగ్గించింది. "లేస్తాది కదా పాపా?"

లేస్తాది మా, అన్నాను. ఎడమ జేబు గుర్తొచ్చింది.

అయిదు లెక్కపెట్టేలోపు. యాభై రెండులో ఎవరి వాటా ఎంత? ఒక సెకండు కెర్నల్‌ది. కరెంటు రాగానే కంప్యూటరులో ముందుగా కళ్లు తెరిచేది అదే, ఇంటి పెద్ద లాంటిది. తను లేచి మిగతావాళ్లను ఒక్కొక్కరినే లేపుతుంది. తెరను లేపుతుంది, రెండు సెకండ్లు. పెన్ డ్రైవును లేపుతుంది, ఒక సెకండు. తర్వాత కొక్కేలు. అక్కడ ఆగిపోతుంది. నలభై ఎనిమిది సెకండ్లు. ఒకటో కొక్కేన్ని లేపు, కింద దారం బరువు తగులుతోందా చూడు, దించు, కుదుటపడనీ. రెండో కొక్కేన్ని లేపు. ఇలా రెండు వందల నలభై. అంతసేపూ ఎవ్వరూ కదలకూడదు. ఈ ఏర్పాటు ఎవరిది? ఆ ఫైలు నెత్తిన పేరుంది, తేదీ ఉంది. యమున. ఉద్యోగంలో చేరిన మూడో నెల. అప్పుడు ఆఫీసులో ఎవరూ అడగలేదు ఇంత నిదానం ఎందుకని. నేతగాళ్ల ఇంటి పిల్ల, మగ్గం సంగతి ఆమెకు తెలియదా అనుకున్నారు. నిజమే, తెలిసే రాశాను. తెలిసినదాన్ని తెలిసినట్టే రాశాను.

ఎందుకంటే మా ఇంట్లో పొద్దు అలాగే మొదలయ్యేది. నాయన మగ్గంలోకి దిగేముందు కళ్లు మూసుకుని పడుగు మీద చెయ్యి ఆనించి ఒక అంచు నుంచి ఇంకో అంచుకు తడుముకుంటూ పోయేవాడు. తెగిన పోగు, తెగబోయే పోగు, వదులైన పోగు ఆ చేతికి చెప్పేవి. ఆ కాసేపు ఇంట్లో మాట వినపడకూడదు. పొయ్యి వెలిగించకూడదు, బిందె చప్పుడు కాకూడదు. అది మా అవ్వ రామాంజినమ్మ పెట్టిన కట్టడి, ఆమె పోయినా ఆ కట్టడి పోలేదు. నేను సగం జడతో నిలబడిపోయేదాన్ని, ఒక పాయ అమ్మ చేతిలో, రెండో పాయ నా చేతిలో. అమ్మ ఊపిరి నా మెడవెనక తగిలేది. కొబ్బరినూనె వాసన. ఎక్కడో కోడి. ఎదురింట్లో లింగప్ప మామ మగ్గం అప్పటికే టకటకా మొదలయ్యేది, ఆయనకు ఇలాంటి పట్టింపులు లేవు. నాకు బడికి ఆలస్యమయ్యేది, అయినా ఆ నిశ్శబ్దం ఎప్పటికీ అయిపోకూడదని కూడా అనిపించేది. ఇల్లంతా ఒక్క మనిషి వేళ్ల వెంట నడుస్తున్నట్టుండేది. నలభై ఎనిమిది సెకండ్లు. నేను ప్రోగ్రాం కోడ్‌లోకి కుదించి ఎక్కించింది ఆ నిశ్శబ్దాన్నే. పొయ్యి ఆగు, జడ ఆగు, బడి ఆగు. నాయన చెయ్యి ఇంకా అవతలి అంచుకు చేరలేదు.

"ఏమమ్మణ్ణీ," ఎదుటాయన ఇక ఆగలేకపోయాడు, "ఆ పళ్లపట్టీ అట్ల టిక్కుటిక్కంటాది, ఏముండాది అందులో?"

"బాంబనుకుంటాండాడు," అంది ఆయన భార్య. "నీళ్లు తాగుతా తాగుతా చూస్తాండాడు."

నవ్వొచ్చింది. మగ్గం పెట్టె అని చెప్పాను. ఆయన పేరు తిమ్మప్ప, గుడిబండ దగ్గర పల్లె, చెరువు కింద వక్కతోట. భార్య నీలావతి. చిన్నకూతురి పెళ్లికి చీరలు తీయడానికి ధర్మవరం పోతున్నారు.

"అయితే మంచిగా చెయ్యమ్మా ఆ పెట్టె," అంది నీలావతి. "పెద్దదాని పెళ్లిలో మూర్తం చీరకు కుచ్చిళ్ల మీద అడ్డంగా గీత. ఇంత లావు. పీటలమీద కూచునేదాకా యెవరికీ కనపళ్యా. ఫోటోలన్నిట్లో ఉండాది. ఈయప్పే తెచ్చినాడు."

"దుడ్లు ఇచ్చేటప్పుడు గీత ల్యా," అన్నాడు తిమ్మప్ప. "ఇంటికొచ్చినాక పుట్టింది."

"పన్నెండేండ్లయింది. ఇంగా అదే అంటాడు."

ఆ గీత ఎలా పడుతుందో నాకు తెలుసు. కొక్కెం కింద దారం తెగితే పడేది ఇంకో రకం దోషం, అది గీత కూడా కాదు, ఆ దారం కింది పోగులు లేవవు, నెమలి కంట్లో చుక్క ఉండదు, లేదా మెడమీద సన్నని పొడుగు గాటు, చీర మొత్తం. దారం ఎప్పుడు తెగుతుంది? కరెంటు పోయినప్పుడే. లేచి ఉన్న కొక్కేలన్నీ ఒక్కసారి చేతులు వదిలేసి పడిపోతాయి, కింద సీసపు బరువులు జర్రున లాగుతాయి, అరిగిన దారం ఆ కుదుపుకే పుటుక్కుమంటుంది. అందుకే లేచిన ప్రతిసారీ చూసుకోవాలి. ఎడమ జేబులోని కార్డు చూసుకోదు. లేస్తుంది, నేసెయ్ అంటుంది. నాయన నేసేస్తాడు, ఆయన నన్ను నమ్ముతాడు కాబట్టి. పెట్టె వచ్చాక తడుముకోవడం మానేశాడు. "పెట్టె చూస్తాది గదా, మా పాప రాసింది" అంటాడు.

చాకర్లపల్లి. ఒక నిమిషం ఆగి కదిలింది. అటు కొండలు మొదలయ్యాయి, గుండ్లమీద గుండ్లు. లాప్‌టాప్ తెర ఆరిపోయింది, వేలుతో తట్టి లేపాను. ఆలోచించు. అందరూ ఆగకుండా ఎవరు ఆగాలి?

పదో తరగతి పరీక్షల మొదటి రోజు. ఆవేళ అమ్మ ఆగలేదు. ముందు కిటికీ రెక్క తెరిచింది, ఎప్పటిలాగే, నాయనకు ఏటవాలుగా వెలుతురు పడాలి, అది లేకుండా ఆయన చెయ్యి పెట్టడు. కళ్లు మూసుకునే మనిషికి వెలుతురు ఎందుకో నేనెప్పుడూ అడగలేదు. నాయన చెయ్యి పడుగు మీద పడింది. అవ్వ మంచంలో ఉంది, అదే ఆఖరి ఏడు. అమ్మ ఒక్క క్షణం నన్ను చూసింది, నా చేతిలో హాల్ టికెట్టు చూసింది, వెళ్లి పొయ్యి వెలిగించింది. అగ్గిపుల్ల చప్పుడుకు నాయన వేళ్లు ఆగాయి. మళ్లీ కదిలాయి. అమ్మ పాలు పెట్టింది, పాలు కాగేలోపు నా జడ అల్లేసింది, జడ అల్లుతూనే కాలితో రాట్నం పీటను దగ్గరికి లాక్కుంది, రెండు కండెలు చుట్టింది. ఇల్లంతా ఒక్కసారే కదిలింది. అవ్వ మంచంలోంచి "ఏమిటే ఆ సద్దు" అంది, అమ్మ చేతులు ఆగలేదు. కానీ నాడె? కండె వేసిన నాడెను అమ్మ తన చేతిలోనే పట్టుకుని నిలబడింది. నాయన చెయ్యి అవతలి అంచు దాటేదాకా ఇవ్వలేదు. దాటింది, ఇచ్చింది. నేను పరీక్షకు పరుగెత్తాను. ఇంట్లో ఆ రోజు ఏదీ చెడిపోలేదు.

నాడె. ఆగాల్సింది నాడె ఒక్కటే.

వేళ్లు కీబోర్డు మీద పడ్డాయి. తెరా, నీ పని నువ్వు చేసుకో. పెన్ డ్రైవూ, నీ పని నువ్వు. కొక్కేలూ, మీ పరీక్ష మీరు మొదలుపెట్టండి, ఎవరి కోసమూ ఎవరూ నిలబడక్కర్లేదు. మొదటి పేక నెయ్యమని చెప్పే చోట మాత్రం ఒక్క గేటు: అందరూ వచ్చారా? వచ్చాక తీ. కెర్నల్‌లో దీనికి దారి ఎప్పట్నించో ఉంది, ఒక్కో భాగాన్ని నడిపే డ్రైవరు ప్రోగ్రాం మీద చిన్న గుర్తు పెడితే చాలు, నా వెనక నిలబడకండి అని చెప్పడానికి. ఆ గుర్తును ఆరేళ్ల కింద నేనే కావాలని తీసేశాను. తిరిగి పెట్టడం ఒక్క వాక్యం పని. ఆ ఒక్క వాక్యం రాసేటప్పుడు అవ్వ మంచంలోంచి లేచి చూస్తున్నట్టు అనిపించింది.

అయినా నలభై ఎనిమిది నలభై ఎనిమిదే. పక్కవాళ్లు ఆగకపోయినా నాడె ఆగుతుంది. అప్పుడు చేతిని చూశాను. నాయన చేతిని, నా తలలో ఉన్న చేతిని. ఇన్నేళ్లూ ఆయన ఒక్కో పోగునూ వేలితో ముట్టుకున్నాడనే గుర్తుపెట్టుకున్నాను. కాదే. పడుగులో వేల పోగులుంటే ఒక్కోటీ ముట్టుకునేవాడైతే మధ్యాహ్నం దాకా అదే పని. అరచెయ్యి. నిండు అరచెయ్యి ఆనించేవాడు, దానికింద ఎన్ని పోగులుంటే అన్నీ ఒకేసారి. ఒక అరచేతి వెడల్పు, ఇంకో అరచేతి వెడల్పు. నేను గుర్తుపెట్టుకున్నది ఆ నిశ్శబ్దాన్ని, చేతిని కాదు. ఆ నిశ్శబ్దానికి సరిపడా పొడుగు ఉండాలని ఒక్కో పోగూ లెక్కపెట్టించాను.

ఇరవై కొక్కేలు ఒక వరస. ఒక్కసారి లేపు, ఇరవై బరువులూ చూడు, ఒక్కసారి దించు. పన్నెండు వరసలు. మొత్తం రెండున్నర సెకండ్లు. అన్నీ ఒకేసారి లేపితే, కొక్కేలకు కరెంటు పంచే చిన్న కరెంటు బోర్డు మోయలేదు, ఇరవై మోస్తుంది. రాశాను. కొత్త కార్డు మీదికి ఎక్కించి బోర్డుకు పెట్టాను, మిగతా పదకొండు వరసలూ ఉన్నట్టే అనుకొమ్మని చెప్పాను. బ్యాటరీ తీగ పీకి పెట్టాను. ఇరవై కొక్కేలు ఒక్కసారిగా టక్కుమన్నాయి. నాలుగున్నర సెకండ్లు. తిమ్మప్ప ఉలిక్కిపడ్డాడు.

"ఇంగోసారి అనిపిచ్చు," అంది నీలావతి. "బాగుండాది."

ఇంకోసారి. నాలుగున్నర. ఇంకోసారి. పెనుకొండ వస్తుండగా ఆరోసారి. స్టేషన్లోకి రాకముందే సిగ్నల్ లేక బండి ఆగింది. కొండమీద కోట గోడ ఎండకు తెల్లగా మెరుస్తోంది. చిన్నప్పుడు బడివాళ్లు అక్కడికి విహారానికి తీసుకొచ్చారు, పులిహోర పొట్లం తిని కొండ ఎక్కుతూ చెప్పు తెగితే స్నేహితురాలు పద్మజ తన చెప్పుల్లో ఒకటి ఇచ్చింది, ఇద్దరం ఒంటి చెప్పులతో ఎక్కాం. పద్మజ ఇప్పుడు తలుపుల ఊరి బడిలో టీచరు. ఏడోసారి తీగ పెట్టాను. తెర వెలిగింది. కొక్కేలు కదల్లేదు. ఇరవైకి ఇరవై పనిచేయడం లేదని రాసింది.

మళ్లీ పెట్టాను, బాగుంది. మళ్లీ, బాగుంది. పదోసారి మళ్లీ చచ్చింది. మగ్గం దగ్గర ఏడోసారో, మొదటిసారో ఎవరికి తెలుసు? లింగప్ప మామ స్పానర్ కళ్లముందు ఆడింది. ఫోను మోగింది, సాయిప్రసాద్.

"యమునా, ఎక్కడిదాకా వచ్చావ్? కార్డు పెట్టు, స్విచ్ వేసి చూపించు, వచ్చేయ్. మిగతాది తర్వాత చూసుకుందాం."

"తర్వాత అంటే ఎప్పుడు సార్?"

"ముందు పెట్టెలు దించకుండా ఆపు. దించేస్తే తర్వాత అనేదే ఉండదు. నీకు తెలుసు కదా."

తెలుసు. ఆయన చెడ్డవాడు కాదు, కంపెనీలో పద్దెనిమిది మందికి అన్నం పెట్టాలి. ఫోను పెట్టేశాను. చెయ్యి తనంతట తనే ఎడమ జేబు దగ్గరికి పోయింది. నాలుగు సెకండ్లు, ప్రతిసారీ, తప్పకుండా. దారం ఇవాళే తెగుతుందా? ఈ వారంలో తెగుతుందా? ఎర్రచీర కొంగు ఎంత, రెండు మూరలు. ఆలోపు నేను ఆఫీసులో దీన్ని బాగుచేసి తెచ్చి మార్చేయొచ్చు. ఎవరికీ తెలియదు. మార్చేలోపు తెగితే ఎవరో ఒక పిల్ల పీటలమీద కూర్చుంటుంది, ఫోటోలన్నిట్లో ఉంటుంది, వాళ్ల నాయనను పన్నెండేళ్లు తిడతారు. తిమ్మప్ప నావైపే చూస్తున్నాడు.

"ఏమైందమ్మణ్ణీ, మొఖం అట్ల పెట్టినావు?"

"ఒక్కోసారి లేస్తాంది, ఒక్కోసారి ల్యా."

"మా బోరు మోటరు కూడా అంతే," అన్నాడాయన. "కరెంటు వచ్చీరాకముందే ఉరికి స్విచ్చేస్తే ఉత్త గుర్రుమంటాది, తిరగదు. కొంచేపు నిలబడి వేస్తే తిరుగుతాది."

"నువ్వు యాడ నిలబడతావు," అంది నీలావతి. "రెండు మోటర్లు కాల్చినాడు."

బండి కదిలింది. కరెంటు వచ్చీరాకముందే. కిటికీ! అమ్మ కిటికీ తెరిచేదాకా నాయన చెయ్యి పెట్టేవాడు కాదు. ఇంట్లో అందరూ ఒకేసారి కదిలిన ఆ రోజు కూడా కిటికీ ముందే తెరుచుకుంది. పాత వరసలో కొక్కేల వంతు చివర వచ్చేది, అప్పటికి కరెంటు బోర్డు నింపాదిగా లేచి కూర్చునేది, కాబట్టి కొక్కేలు దానికోసం ఆగుతున్నాయని ఎవరూ ఎక్కడా రాయలేదు, నేను కూడా. ఇప్పుడు అందర్నీ ఒకేసారి వదిలాను. కొక్కేలు ఒక్కోసారి కరెంటు బోర్డుకంటే ముందే పరుగెత్తుతున్నాయి, చీకట్లో పడుగు తడుముతున్నాయి, ఏమీ తగలడం లేదు అంటున్నాయి. అబద్ధం కాదు, వాటికి నిజంగానే ఏమీ తగలడం లేదు. రాయి. కొక్కేలు కరెంటు బోర్డు కోసం మాత్రం ఆగాలి. అది లేవకపోతే, నేనింకా సిద్ధంగా లేను, మళ్లీ పిలువు అని కెర్నల్‌కు చెప్పి పక్కకు నిలబడాలి, కెర్నల్ అందరి పనీ చూసుకుని మళ్లీ పిలుస్తుంది. నాలుగు వాక్యాలు. తొందరలో ఒక అక్షరం రెండుసార్లు పడింది. దిద్దాను. ఎక్కించాను. తీగ పెట్టాను.

టక్.

ఒకటి. రెండు. మూడు. నాలుగున్నర, ఎప్పుడైనా అయిదుకు ఒక వెంట్రుక తక్కువ. బాసంపల్లి దాటింది. నీలావతి వేళ్లు మడిచి లెక్కపెడుతోంది, తిమ్మప్ప తలూపుతున్నాడు. పదకొండుసార్లు అయ్యేటప్పటికి ధర్మవరం ప్లాట్‌ఫారం కిటికీలోకి వచ్చేసింది. పదకొండు సరిపోదు. వందసార్లు చేస్తేగానీ నమ్మకూడదని కొత్తవాళ్లకు నేనే చెబుతాను. తీగలు చుట్టి సంచిలో కుక్కుకుని దిగాను. తిమ్మప్ప వెనకనుంచి అరిచాడు: "గీత పడని చీర యాడ దొరుకుతాదో చెప్పి పోమ్మా!"

మా ఇంటి గడపలో చెప్పుల గుట్ట. లోపల చెమట వాసన, పట్టు వాసన, కాఫీ వాసన. లింగప్ప మామ మెయిన్ స్విచ్ పక్కన స్టూలు మీద, ఒళ్లో స్పానర్. నాయన గుంతలో కూర్చుని ఉన్నాడు, నన్ను చూసి పక్కకు జరిగాడు. నిచ్చెన ఎక్కి పెట్టె మూత తీసే ముందు వంగి ఆయన చెవిలో చెప్పాను. రెండు కార్డులుండాయి నాయనా. ఒకటి తప్పకుండా లేస్తాది, కానీ కొక్కేలను చూడదు. ఇంగోటి చూస్తాది, కానీ రైల్లో చేసినా, పదకొండుసార్లే చూసినా.

"చూడకుండా నేసేదానికి నేనెందుకు, నువ్వెందుకు," అన్నాడు నాయన. "రైల్లోది పెట్టు."

పెట్టాను. నాయన కాలు పడింది, నాడె దూకింది, రెండు, మూడు, నాలుగు పేకలు. అయిదో పేక మధ్యలో లింగప్ప మామ స్విచ్చి కిందికి లాగాడు. కొక్కేలన్నీ దబ్బున పడ్డాయి. మళ్లీ పైకి వేసి గొంతెత్తాడు.

"ఒకటి. రెండు. మూడు. నాలు..."

టకటకటకా పన్నెండు వరసలు ఒకదాని వెనక ఒకటి లేచి దిగాయి, తెర వెలిగింది, నాయన నాడె దూకింది. ఎవరో గట్టిగా నవ్వారు.

"ఉండుండు," అన్నాడు మామ. "ఒకసారికే నమ్మేదానికి నేనేమన్నా కుళ్ళాయప్పనా?"

మళ్లీ లాగాడు. మళ్లీ లేచింది. మళ్లీ. ఆయన లెక్కపెట్టడం మానేసి పళ్లు బిగించి లాగుతున్నాడు, వేస్తున్నాడు. నాలుగోసారి, అయిదోసారి, ఆరోసారి. తొమ్మిదోసారి కొక్కేలు లేచి దిగాయి, తెర వెలిగింది, నాడెకు దారి రాలేదు. తెరమీద ఒక్క కొక్కెం అంకె. నూట డెబ్బైమూడు.

"నిలిచిపాయె!" లింగప్ప మామ స్టూలుమీంచి లేచాడు. "చెప్పలేదూ నేను? నిలిచిపాయె!" స్పానర్ చేతిలోకి వచ్చేసింది. అమ్మ తలుపు దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పన్నెండు ఇళ్లవాళ్లు నన్ను చూస్తున్నారు. నేను ఆ అంకెను చూస్తున్నాను. రైల్లో లాగా ఇరవై కాదు. ఒక్కటి.

నాయన గుంతలోంచి లేచి నిలబడ్డాడు. పెదవులు కదిలిస్తూ ఎడమనుంచి లెక్కపెట్టుకుంటూ పోయి, దారాల గుబురులో చెయ్యి దూర్చి, ఒక దారం పట్టుకుని మెల్లగా కిందికి లాగాడు. అది అడ్డు లేకుండా ఆయన చేతిలోకి వచ్చేసింది. పైకొస అరిగి నూగులా ఉంది, అప్పుడే తెగింది. నెమలి కంటి దారం. దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. పెట్టె చెడిపోలేదు, తెగిన దారాన్ని చూసి ఆగిందని ఆ గదిలో ఎవరికీ ఎవరూ చెప్పక్కర్లేదు.

నాయన దారాన్ని లింగప్ప మామ ముందుకు చాపాడు.

"నువ్వు తెంపినావు. నువ్వే కట్టు."

మామ దాన్ని చూశాడు, పెట్టెను చూశాడు. స్పానర్ ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూసి అమ్మ చేతికి ఇచ్చాడు. పంచె ఎగదోపి, మోకాళ్లు పటపటమనిపించుకుంటూ నిచ్చెన ఎక్కాడు. దారం కొసను నోట్లో పెట్టుకుని తడిపాడు. ముడి వేస్తూ, తల తిప్పకుండా, పళ్ల సందులోంచే అడిగాడు:

"మా మగ్గంకాడికి ఎప్పుడు వస్తావమ్మా, అన్నం తిని వస్తావా, ఇప్పుడే వస్తావా?"